ఒక్క మిల్లీఆంపే కదా, ఏం కాదు అంటే కుదరదు

“చంపేది వోల్టేజీ కాదు, కరెంటు. టైమ్ ఆఫ్ ఫ్లైట్ డిటెక్టర్‌కి పెట్టే హైవోల్టేజీ సప్లై ఇచ్చేది ఒక్క మిల్లీఆంపే. భయపడకుండా బిగించేయండి.” పరిశోధక విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సలహాల చిట్టా ఇలా మొదలవుతుంది. టైమ్ ఆఫ్ ఫ్లైట్ అంటే, అయాన్లు (ఛార్జి ఉన్న అణువులు) కొంత దూరం దాటడానికి పట్టే కాలాన్ని కొలిచి వాటి బరువు తేల్చే పద్ధతి; వాటి రాకను పట్టుకునేది డిటెక్టర్. ఆ మొదటి మాట వెనకే ఇంకొన్ని సలహాలు వస్తాయి. వాక్యూమ్ మంచి ఇన్సులేటర్ కాబట్టి పంపు ఆన్ చేశాక వోల్టేజీ ఇచ్చేయొచ్చట. చేతికి దొరికిన బీఎన్‌సీ కేబుల్ (ల్యాబులో మామూలు సిగ్నళ్లకు వాడేది) సరిపోతుందట. కేబుల్ వల్ల వచ్చే తేడాలన్నీ కాలిబ్రేషన్‌లో పోతాయట. సిగ్నల్‌లో హమ్మింగ్ ఉంటే ప్లగ్గు మూడో పిన్ను పీకేయాలట. పీకులు, అంటే తెర మీది గీతలో అయాన్ల రాకను చూపే శిఖరాలు, కనబడకపోతే వోల్టేజీ పెంచాలట.

వీటిలో చాలావరకు ఎక్కడో ఒకచోట నిజమే. అందుకే ఇంతగా నమ్ముతున్నారు. చిక్కల్లా ఆ చోటు మీ ముందున్న డిటెక్టర్ కాకపోవడం.

హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లోని క్యూ-టాఫ్ యంత్రాల (ఇదే పద్ధతితో పనిచేసే రెడీమేడ్ యంత్రాల) సంగతి వేరు. కంపెనీ ఇంజనీరు వచ్చి బిగించి వెళ్తాడు, కవరు తెరిచే పని మనకు ఉండదు. ఈ గొడవంతా వాక్యూమ్ ఛాంబర్, ఫ్లాంజ్ (దానికి బిగించే లోహపు మూత), డిటెక్టర్, సప్లై విడివిడిగా తెప్పించుకుని సొంతంగా అమర్చుకునేవాళ్లది. సూత్రం తేలికే. అయాన్లన్నిటికీ ఒకే శక్తి ఇచ్చి వదిలితే తేలికవి ముందొస్తాయి, బరువైనవి వెనకబడతాయి. 20 కిలోవోల్టులతో తోసిన 1000 డాల్టన్ల (డాల్టన్ అంటే సుమారు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు) అయాన్ ఒక మీటరు దూరాన్ని దాదాపు 16 మైక్రోసెకన్లలో దాటుతుంది. 1001 డాల్టన్లది దాని వెనక 8 నానోసెకన్లకు వస్తుంది. ఈ 8 నానోసెకన్లను గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తాయి. అటు చివర వాటిని పట్టుకునేది సాధారణంగా మైక్రోఛానల్ ప్లేటు, వాడుకలో ఎంసీపీ. అర మిల్లీమీటరు మందం గాజు బిళ్లలో పదీ ఇరవై మైక్రాన్ల రంధ్రాలు లక్షల్లో ఉంటాయి. అలాంటి రెండు ప్లేట్లను రంధ్రాలు ఎదురు వాలుగా ఉండేట్టు పేర్చి, రెండిటి మీదా కలిపి దాదాపు 2 కిలోవోల్టులు పెడితే ఒక్క అయాన్ దెబ్బకు పది లక్షలకు పైగా ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి.

ఇక మొదటి మాట. దీని దగ్గర ఎక్కువసేపు ఆగక తప్పదు, మిగతా ధీమా అంతా దీని మీదే నిలబడింది. గుండె లయ తప్పించేది ఒంట్లోంచి పారే కరెంటే, ఒప్పుకుందాం. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) 30 మిల్లీఆంపులకు ట్రిప్ అయ్యేది అందుకే. కానీ ఆ కరెంటును తోసేది వోల్టేజీయే కదా. పైగా సప్లై ముఖం మీద “5 కిలోవోల్టులు, 1 మిల్లీఆంపు” అని ఉంటే, ఆ పెట్టె ఆగకుండా ఇవ్వగలిగేది అంత అని అర్థం. వేలు తగిలిన మొదటి కొన్ని మైక్రోసెకన్లలో కరెంటు వచ్చేది కెపాసిటర్లలోంచి. సప్లై లోపలి ఫిల్టర్‌లో ఒకటుంటుంది, రిపుల్ (వోల్టేజీలోని చిన్న ఎగుడుదిగుళ్లు) తగ్గించడానికి బయట మనం పెట్టుకున్న ఫిల్టర్‌లో ఇంకొకటి. ఆఖరికి కేబుల్ కూడా కెపాసిటరే, ల్యాబుల్లో మామూలుగా కనబడే ఆర్‌జీ-58 రకం అయితే మీటరుకు సుమారు 100 పికోఫ్యారడ్లు. మేడ మీద ట్యాంకు నింపే పైపు ఎంత సన్నదైనా, నిండిన ట్యాంకుకి అడుగు ఊడితే నీళ్లు పైపు లెక్కన రావు.

లెక్క వేసే చూద్దాం. 10 నానోఫ్యారడ్ల కెపాసిటర్‌లో 5 కిలోవోల్టుల దగ్గర నిలవున్న శక్తి 0.125 జౌళ్లు. ఒంటి నిరోధం వెయ్యి ఓములనుకుంటే మొదటి క్షణంలో పారేది 5 ఆంపులు, అంటే ఆ మిల్లీఆంపుకు 5,000 రెట్లు. అది పది మైక్రోసెకన్లలోనే చాలావరకు తగ్గిపోతుంది కాబట్టి ఆ దెబ్బ ఒక్కటే మనిషిని చంపుతుందని అనను. చెయ్యి మాత్రం మన ప్రమేయం లేకుండా విసురుగా వెనక్కి వస్తుంది. వెనక ఫ్లాంజ్ అంచు ఉందా, స్టూలు మీద నిలబడి ఉన్నామా అన్నదాన్ని బట్టి ఉంటుంది మిగతా కథ. ఇదంతా డిటెక్టర్ వైపు. అయాన్లను తోసే 20 కిలోవోల్టుల వైపు 0.1 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ ఉంటే అందులో 20 జౌళ్లుంటాయి. 10 జౌళ్లు దాటితే ప్రాణాపాయంగా లెక్కగట్టే వ్యవహారంలో ఇది రెట్టింపు. ఆ సప్లై ముఖం మీద కూడా రాసి ఉండేది 1 మిల్లీఆంపే.

స్వెటర్ విప్పేటప్పుడు వేల వోల్టులు చురుక్కుమంటాయి, ఎవరైనా పోయారా అని ఎదురు ప్రశ్న ఒకటి వేస్తారు. మనిషి ఒంటి కెపాసిటెన్సు దాదాపు 100 పికోఫ్యారడ్లు. 10 కిలోవోల్టులకు ఎక్కినా అందులో ఉండేది 5 మిల్లీజౌళ్లు. పై 20 జౌళ్లు దానికి 4,000 రెట్లు.

స్విచ్ కట్టేస్తే గొడవ తీరుతుందా అంటే, అదీ లేదు. 10 నానోఫ్యారడ్లకు అడ్డంగా 1 గిగాఓము బ్లీడర్ రెసిస్టర్ (మిగిలిన ఛార్జిని మెల్లగా ఖాళీ చేసేది) ఉంటే, 5 కిలోవోల్టులు 34 వోల్టులకు దిగడానికి 50 సెకన్లు పడుతుంది. బ్లీడర్ లేకపోతే ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. సప్లై మీటరు సున్నా చూపించేది తన వైపు సంగతి. కేబుల్ ఊడదీశాక అటువైపు ఫిల్టర్‌లో ఏం మిగిలిందో దానికి తెలియదు. అందుకే గ్రౌండింగ్ కర్ర ఉండాలి. ఇన్సులేటెడ్ కర్ర చివర లోహపు కొక్కెం, దానికి లావుపాటి రాగి తీగ. తీగ రెండో కొసను ముందుగా ఛాంబర్‌కు గట్టిగా బిగించి, ఆ తరవాతే కొక్కేన్ని హైవోల్టేజీ వైపు తాకించాలి. తాకించి తీసేస్తే సరిపోదు. కెపాసిటర్ లోపలి ఇన్సులేటర్ పొరలో (డైఎలక్ట్రిక్‌లో) మిగిలిన ఛార్జి కాసేపటికి మళ్లీ వోల్టేజీగా లేస్తుంది. పని అయ్యేదాకా కొక్కెం అక్కడే వేలాడాలి.

రెండో మాట వాక్యూమ్ గురించి. బాగా లోతైన వాక్యూమ్ నిజంగానే మంచి ఇన్సులేటర్. అక్కడికి చేరే దారి మాత్రం అలా ఉండదు. గాలి ఎంత వోల్టేజీకి చిట్లుతుందన్నది, అంటే దానిలోంచి కరెంటు దూకుతుందన్నది, పీడనాన్నీ రెండు లోహాల మధ్య ఎడాన్నీ గుణిస్తే వచ్చే అంకెను బట్టి ఉంటుందని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త పాషెన్ 1889లోనే చూపించాడు. మామూలు గాలిలో 6 మిల్లీమీటర్ల ఎడం దాదాపు 18 కిలోవోల్టుల దాకా తట్టుకుంటుంది. అదే ఎడం 1 టోర్ పీడనం (మామూలు గాలి పీడనంలో 760వ వంతు) దగ్గర 330 వోల్టులకే చిట్లిపోతుంది. రోటరీ పంపు పనిచేస్తూ ఛాంబర్ మధ్య దారిలో ఉన్నప్పుడు సరిగ్గా ఆ పీడనాల గుండానే వెళ్తుంది. ఆ సమయంలో “పంపు ఆన్‌లోనే ఉంది కదా” అని నాబ్ తిప్పితే ఊదారంగు వెలుగు చూడొచ్చు, ప్లేటు ఖరీదు కూడా తెలుసుకోవచ్చు.

ఎంసీపీకైతే 10⁻⁶ టోర్ ప్రాంతానికి దిగేదాకా ఆగాలి. ఆ గాజు తేమను పీల్చుకుంటుంది, ఎక్కువ పీలిస్తే వంకర కూడా పోతుంది. విశాఖలాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లో ప్లేటును బల్ల మీద డబ్బా తెరిచి ఉంచడమంత బుద్ధి తక్కువ పని ఇంకోటి లేదు. వాడనప్పుడు కూడా వాక్యూమ్‌లోనే ఉంచాలి. కొత్త ప్లేటు పెట్టాక కనీసం రాత్రంతా పంపులు నడవనిచ్చి, తర్వాత 100 వోల్టుల చొప్పున ఎక్కించాలి. ప్రతి మెట్టు దగ్గరా ఒక కన్ను ప్రెషర్ గేజ్ మీద, ఇంకోటి సప్లై కరెంటు మీద. కరెంటు వోల్టేజీతో పాటే నెమ్మదిగా పెరిగితే మంచిదే. ఉన్నట్టుండి ఎగిరినా, గేజ్ కదిలినా వెనక్కి దిగాలి. ఇదంతా మనిషి జ్ఞాపకం మీద వదలకుండా, పీడనం దిగేదాకా హైవోల్టేజీ ఆన్ కాకుండా గేజ్ రిలేతో ఇంటర్‌లాక్ చేయడం ఇంకా మేలు.

బీఎన్‌సీ కేబుల్ సంగతి చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. బీఎన్‌సీ మామూలుగా 500 వోల్టులకు తయారైంది, హైవోల్టేజీ కోసమే చేసిన ఎస్‌హెచ్‌వీ కనెక్టర్ 5 కిలోవోల్టులకు. ఎస్‌హెచ్‌వీ ప్లగ్గును పక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. తెల్లటి టెఫ్లాన్ గొట్టం బయటికి పొడుచుకొచ్చి, పిన్ను దాని లోపల ఎక్కడో ఉంటుంది. వేలు పెట్టినా అందదు. తగిలించేటప్పుడు బయటి గ్రౌండ్ ముందు కలుస్తుంది, తీసేటప్పుడు చివర్న విడిపోతుంది. అసలు ప్రమాదం ఎంహెచ్‌వీ అనే పాత రకం హైవోల్టేజీ కనెక్టర్‌తో. చూడ్డానికి అచ్చం బీఎన్‌సీలాగే ఉంటుంది, బలం పెడితే బీఎన్‌సీ దానికి ఎక్కేస్తుంది కూడా. పాత సామాన్ల అలమరలో అలాంటిది కనబడితే చెత్తబుట్టలో వేయడమే, మొహమాటం వద్దు. కనెక్టర్ సరైనదైనా దాని వెనక కేబుల్ రేటింగ్ వేరుగా చూసుకోవాలి.

కాలిబ్రేషన్ మాట సగం నిజం. కోయాక్సియల్ కేబుల్‌లో సిగ్నల్‌కు మీటరుకు సుమారు 5 నానోసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యం మారకుండా ఉంటే తెలిసిన ద్రవ్యరాశులతో సరిచేసుకోవచ్చు. ప్రతిధ్వనులు అలా పోవు. సిగ్నల్‌ను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ ఇన్‌పుట్‌ను కేబుల్‌కు సరిపడే 50 ఓములకు బదులు 1 మెగాఓము దగ్గర వదిలేస్తే పల్సు అక్కడ తగిలి ఆనోడ్ (ప్లేటు వెనక ఎలక్ట్రాన్లను పట్టే లోహపు పలక) దాకా వెళ్లి మళ్లీ వస్తుంది. 2 మీటర్ల కేబుల్ అయితే రానూపోనూ 20 నానోసెకన్లు. మన 8 నానోసెకన్ల లెక్కన అసలు పీకుకు రెండున్నర డాల్టన్ల అవతల ఒక దొంగ పీకు మొలుస్తుంది. అది నిజమైన అణువే అనుకుని దానికి రసాయన ఫార్ములా కట్టడానికి ఎవరో ఒకరు కూర్చుంటారు.

మారదనుకున్న ఆలస్యం కూడా మారొచ్చు. 2011 సెప్టెంబరులో ఒపెరా అనే ప్రయోగ బృందం, జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాల నుంచి 730 కిలోమీటర్ల దూరంలో ఇటలీలోని గ్రాన్ సాసోకు న్యూట్రినోలు (దాదాపు బరువే లేని సూక్ష్మ కణాలు) కాంతి కంటే 60 నానోసెకన్లు ముందొస్తున్నాయని ప్రకటించింది. ప్రపంచమంతా ఐన్‌స్టీన్ గురించి వాదించుకుంది. 2012 ఫిబ్రవరికల్లా బయటపడిన ప్రధాన కారణం, జీపీఎస్ సమయాన్ని గడియారానికి చేరవేసే ఆప్టికల్ ఫైబర్ కనెక్టర్ పూర్తిగా బిగియకపోవడం. అంత పెద్ద ప్రయోగంలోనే జరిగినప్పుడు మన బల్ల మీది కనెక్టర్లను మరోసారి బిగించి చూడటంలో నామోషీ ఏముంది?

మూడో పిన్ను సలహా ఇచ్చినవాళ్ల మీద మాత్రం నిజంగా కోపం వస్తుంది. ఎర్త్ తీసేస్తే హమ్మింగ్ తగ్గడం అప్పుడప్పుడూ నిజమే, గ్రౌండ్ లూప్ (ఎర్త్ తీగల మధ్య ఏర్పడే చుట్టు) తెగుతుంది కాబట్టి. దానితోపాటే సప్లై బాడీని నేలతో కలిపే దారీ తెగుతుంది. లోపల హైవోల్టేజీ బాడీకి తగిలితే దానికి మిగిలే దారి, పెట్టె మీద చెయ్యేసిన మనిషి. అలాగని భవనం వెనక ఉప్పూ బొగ్గూ పోసిన ఎర్త్ పిట్ అన్నీ చూసుకుంటుందనీ అనుకోవద్దు. అది ప్రాణరక్షణకు. 10 మీటర్ల ఎర్త్ తీగకు దాదాపు 10 మైక్రోహెన్రీల ఇండక్టెన్సు ఉంటుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర అది 6 కిలోఓములకు పైనే అడ్డుపడుతుంది, అంటే నానోసెకను పల్సుల వరకు ఆ తీగ ఉన్నా లేనట్టే. వెడల్పాటి రాగి జడపట్టీతో సప్లై, ఛాంబర్, ప్రీయాంప్ (డిటెక్టర్ సిగ్నల్‌ను పెంచే పెట్టె) బాడీలను దగ్గర్లోనే ఒక్కచోట కలపండి. అన్నిటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. హమ్మింగ్ చాలావరకు అక్కడే పోతుంది, పిన్ను జోలికి వెళ్లే పని పడదు.

ఇక పీకులు కనబడకపోతే వోల్టేజీ పెంచమనే మాట. పెంచితే గెయిన్, అంటే ఒక్కో అయాన్‌కు బయటికొచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్య, పెరుగుతుంది, నిజమే. మామూలు ప్లేటు ఒక్కోటి తట్టుకునేది 1000 వోల్టుల ప్రాంతం దాకానే. నాబ్ ముట్టుకునే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. పాజిటివ్ అయాన్లకు ప్లేటు ముందు ముఖం మైనస్ 2 కిలోవోల్టుల దగ్గర ఉండాలి, సప్లై పోలారిటీ తిరగబడి ఉంటే ఎలక్ట్రాన్లు ఆనోడ్ వైపు రావు. నెగటివ్ అయాన్లకైతే ఆనోడే ప్లస్ హైవోల్టేజీ మీద తేలుతుంది, సిగ్నల్‌ను హైవోల్టేజీ కెపాసిటర్ ద్వారా బయటికి తీయాలి. ఆ ఏర్పాటులో వోల్టేజీ పెంచుకుంటూ పోతే, ఏదో ఒక స్పార్క్ ఆ కెపాసిటర్ మీదుగా దూకి ప్రీయాంప్‌ను కాల్చేస్తుంది. దానికి ముందు రక్షణ డయోడ్లు లేకపోతే సిగ్నల్‌ను అంకెలుగా మార్చే డిజిటైజర్ కూడా పోవచ్చు. ఎదురుగా హాట్ కాథోడ్ అయాన్ గేజ్ (వేడి ఫిలమెంట్‌తో వాక్యూమ్‌ను కొలిచేది) వెలుగుతుంటే ఇంకో తమాషా: దాన్నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు, అయాన్లు ప్లేటును ముంచెత్తి, అసలు సిగ్నల్ ఆ హోరులో కలిసిపోతుంది. గేజ్ ఫిలమెంట్ ఆపి మళ్లీ స్కోప్ చూడండి, నాబ్ ఉన్నచోటే ఉండనివ్వండి.