తరుగు ఎక్కడ ఎంత?

గంటసేపు నడిపి ఆపిన పెట్రోలు కారు బానెట్ మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. ఆ వేడి ఉచితంగా వచ్చింది కాదు, బంకులో డబ్బు కట్టి కొన్నది. ట్యాంకులో పోసిన ఇంధనంలో చక్రం దాకా చేరే శక్తి మామూలు వాడకంలో పావు వంతు, బాగుంటే మూడో వంతు. మిగిలిందంతా రేడియేటర్ నుంచీ సైలెన్సర్ నుంచీ గాలిలో కలిసిపోతుంది. కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు తీసుకున్నది 1886లో. అప్పటి నుంచి ఎంత మంది ఇంజినీర్లు ఎన్ని రకాలుగా సానబెట్టినా, ఇవాళ్టి మేటి కారు ఇంజిన్లు అన్నీ కలిసొచ్చిన వేగంలో 40 శాతం దగ్గరే నిలిచాయి. ఇది తయారీలో లోపం కాదు. వేడిని కదలికగా మార్చే ఏ యంత్రమైనా కొంత వేడిని వదులుకోక తప్పదన్నది భౌతికశాస్త్రం గీసిన గీత.

ఇంత తరుగు పోయే యంత్రం శతాబ్దానికి పైగా ఎలా రాజ్యమేలింది? పెట్రోలు బలం వల్ల. కిలో పెట్రోలులో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. నేటి కారు బ్యాటరీ మొత్తాన్ని తూకం వేసి చూస్తే కిలోకి దక్కేది యూనిట్‌లో ఆరో వంతు, ఏడో వంతు. అంత నిండుకుండ చేతిలో ఉన్నప్పుడు కొంత ఒలికిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. నిజానికి గంటకు వంద కిలోమీటర్లు దాటిన మొదటి కారు కరెంటుదే. 1899లో పారిస్ దగ్గర బెల్జియం వాడైన కమీల్ జెనాట్జీ దాన్ని నడిపాడు. ఆ తర్వాత 1912లో కాడిలాక్ పెట్రోలు కారుకు సెల్ఫ్ స్టార్టర్ వచ్చి, చేత్తో హ్యాండిల్ తిప్పే బాధ తప్పించింది. కరెంటు కార్ల వెనుకబాటుకు అదీ ఒక కారణం. ఆ స్టార్టర్ కూడా కరెంటు మోటారే కావడం చరిత్ర చేసిన చిలిపి పని.

లిథియం అయాన్ బ్యాటరీ 1991లో మార్కెట్లోకి వచ్చింది, కెమెరాల కోసం, కార్ల కోసం కాదు. 2010తో పోలిస్తే దాని ధర దాదాపు తొంభై శాతం పడిపోయింది. ప్లగ్ ఇన్ హైబ్రిడ్లను (పెట్రోలు ఇంజిన్‌తో పాటు ప్లగ్ పెట్టి నింపే బ్యాటరీ కూడా ఉన్నవి) కలుపుకుంటే 2024లో ప్రపంచవ్యాప్తంగా 1.7 కోట్లకు పైగా విద్యుత్ కార్లు అమ్ముడయ్యాయి. అంటే కొత్త కార్లలో ఐదింట ఒకటి. నార్వేలో ఆ ఏడాది అమ్మిన కొత్త కార్లలో పూర్తిగా బ్యాటరీతో నడిచేవే 89 శాతం దాకా ఉన్నాయి. అది చలి దేశం. చలికి బ్యాటరీ మైలేజీ తగ్గుతుందన్న మాట నిజమే అయినా, అక్కడి జనం కొనడం మానలేదు.

అయినా పోటీ ఇంకా తేలలేదని, హైడ్రోజన్, కృత్రిమ పెట్రోలు, జీవ ఇంధనాలు అన్నిటికీ సమాన అవకాశం ఉండాలని కార్ల పరిశ్రమలో కొందరు వాదిస్తున్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. ఒక్కసారి తరుగు లెక్క వేసి చూద్దాం. గాలిమర నుంచో సోలార్ పలక నుంచో వంద యూనిట్ల కరెంటు వచ్చిందనుకుందాం. దాన్ని తీగల మీదుగా తెచ్చి బ్యాటరీలో నింపి మోటారు తిప్పితే 70 నుంచి 80 యూనిట్లు చక్రానికి అందుతాయి. అదే కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తే అక్కడే మూడో వంతు దాకా పోతుంది. ఆ వాయువును కారు ట్యాంకులో 700 బార్ల ఒత్తిడికి కుక్కాలి. టైరులో ఉండే గాలి ఒత్తిడికి అది మూడు వందల రెట్లు. దానికి మళ్లీ కరెంటు కావాలి. కారులోని ఫ్యూయల్ సెల్ ఆ హైడ్రోజన్‌ను తిరిగి కరెంటుగా మార్చేటప్పుడు మిగిలినదాంట్లో సగం పోతుంది. చివరికి చక్రానికి అందేది 30 యూనిట్లకు అటూ ఇటూ. చేతులు మారినప్పుడల్లా దళారి తన వాటా ఉంచుకున్నట్టే ఇదీ.

హైడ్రోజన్ కారులో సుఖం లేకపోలేదు. ఐదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది, పొగగొట్టం నుంచి నీటి ఆవిరి తప్ప ఏమీ రాదు. టయోటా మిరాయ్ 2014 చివర్లోనే జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. దశాబ్దం దాటినా ఆ వాయువు దొరికే బంకులను చాలా దేశాల్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా కాలిఫోర్నియాలో కార్ల కోసం పెట్టిన తన హైడ్రోజన్ బంకులను 2024లో షెల్ సంస్థ మూసేసింది. ప్రపంచంలో నేడు తయారవుతున్న హైడ్రోజన్‌లో అత్యధిక భాగం సహజ వాయువు, బొగ్గు నుంచి వస్తున్నదేనన్న విషయం ప్రకటనల్లో కనిపించదు. శుభ్రమైన హైడ్రోజన్ ఎంత దొరికినా ముందు ఎరువుల కర్మాగారాలకు, ఉక్కు కొలిమిలకు ఇవ్వాలి. వాటికి వేరే దారి దాదాపు లేదు. కారుకు ఉంది.

కృత్రిమ పెట్రోలు సంగతి ఇంకా దారుణం. హైడ్రోజన్ తీసి, దానికి కార్బన్ డయాక్సైడ్ చేర్చి, ద్రవంగా మార్చి, చివరికి మళ్లీ అదే పాత ఇంజిన్‌లో తగలబెట్టడం. వందలో పదిహేను యూనిట్లు దక్కితే గొప్ప. చిలీ దక్షిణ కొసన, ఎప్పుడూ గాలి హోరెత్తే చోట, పోర్షే భాగస్వామిగా ఉన్న హారు ఓని కేంద్రం 2022 చివర్లో ఈ ఇంధనాన్ని తయారు చేయడం మొదలుపెట్టింది. విమానాలకైతే ఇలాంటివి పనికొస్తాయి, బ్యాటరీల బరువుతో ఖండాలు దాటడం కష్టం గనుక. కార్ల కోసం దీన్ని అడ్డం పెట్టుకోవడమే అభ్యంతరకరం. 2035 తర్వాత పొగ వదిలే కొత్త కార్లు ఉండరాదని ఐరోపా సమాఖ్య 2023లో నిర్ణయించబోతుంటే, ఈ ఇంధనం పేరుతోనే జర్మనీ పట్టుబట్టి మినహాయింపు సాధించింది. ఆ గడువును మరింత సడలించే ప్రతిపాదన 2025 డిసెంబరులో వచ్చింది. తలుపు ఓరగా తెరిచి ఉంచితే ఎవరు దూరతారో తెలుస్తూనే ఉంది.

ఇక జీవ ఇంధనాలు. చెరకు నుంచి తీసే ఇథనాల్‌తో బ్రెజిల్ 1975 నుంచి నెట్టుకొస్తోంది. ఉన్న కార్లలో పెట్రోలు వాడకం తగ్గించడానికి అది ఉపయోగమే. కాకపోతే లీటరుకు దాని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. పొలం తిండికి పండాలా, ట్యాంకుకు పండాలా అనే తగవు వేరే. హైబ్రిడ్లలో 1997 నాటి టయోటా ప్రియస్ తరహావి, అంటే ప్లగ్ అక్కర్లేనివి, చెప్పినంత చేస్తాయి. ప్లగ్ పెట్టే హైబ్రిడ్ల తీరు వేరు. రోడ్డు మీద నిజంగా తిరిగే కార్ల లెక్కలు తీస్తే, ప్రయోగశాల పరీక్షలో చూపినదానికి మూడున్నర రెట్లు పొగ వదులుతున్నాయని ఐరోపా కమిషనే 2024లో తేల్చింది. చార్జింగ్ పెట్టడం యజమాని ఓపిక మీద ఆధారపడితే అంతే మరి.

కార్ల వరకు బ్యాటరీయే సరైన దారి అని మేము నమ్ముతున్నాం. అందుకే దాని తప్పులను దాచిపెట్టాల్సిన పని లేదు. ప్రపంచ కోబాల్టులో 70 శాతానికి పైగా కాంగో గనుల నుంచి వస్తోంది, అక్కడ పిల్లలు కూడా తవ్వుతున్నారు. కోబాల్టు, నికెల్ అవసరం లేని ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వేగంగా విస్తరించడం ఊరటే గానీ, శుద్ధి కర్మాగారాలు ఎక్కువగా చైనాలోనే పోగుపడడం ఊరట కాదు. బ్యాటరీ తయారీలో వెలువడే కాలుష్యం వల్ల కొత్త విద్యుత్ కారు అప్పుతోనే రోడ్డెక్కుతుంది. శుభ్రమైన కరెంటు ఉన్నచోట ఆ అప్పు త్వరగా తీరుతుంది, బొగ్గు కరెంటైతే ఏళ్లు పడుతుంది.

హైడ్రోజన్ కార్ల మీద పెట్టే ప్రజాధనాన్ని వీధి చార్జర్ల మీద పెట్టమని ప్రభుత్వాలను కోరుతున్నాం. సొంత గ్యారేజీ ఉన్నవారికి విద్యుత్ కారు హాయి, రాత్రి ప్లగ్ పెట్టి పడుకుంటే చాలు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి, రోడ్డు పక్కన కారు ఆపుకునేవారికే టెన్షన్. బ్యాటరీ పది శాతానికి పడిపోయాక చార్జర్ వెతుక్కుంటూ వెళితే, ఉన్న రెండు చార్జింగ్ గన్‌లలో ఒకదాని తెర చచ్చి ఉంటుంది. రెండోదానికి తగిలించిన కారు 80 శాతం దాటి, ఇక చుక్కచుక్కగా ఎక్కుతూ నూరు కోసం కూర్చుని ఉంటుంది. బ్యాటరీ నిండేకొద్దీ చార్జింగ్ నెమ్మదించడం దాని స్వభావమని ఆ యజమానికి ఎవరూ చెప్పి ఉండరు. పని చేయని చార్జర్‌కు రోజువారీ జరిమానా ఉంటే సగం సమస్య తీరుతుంది. కొత్తగా కట్టే ప్రతి నివాస సముదాయంలో పార్కింగ్ దాకా తీగ లాగి ఉంచడం గోడలు లేచాక కంటే ముందే చౌక.

ఇక పాత కార్ల బేరం. ఇప్పటిదాకా మెకానిక్‌ను వెంటబెట్టుకెళితే ఇంజిన్ చప్పుడు విని, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ రంగు చూసి, కొనొచ్చో లేదో చెప్పేవాడు. బ్యాటరీ చప్పుడు చేయదు, దాని వయసు పైకి కనపడదు. ఎంత సత్తువ మిగిలిందో చెప్పే లెక్క కారు కంప్యూటర్‌లో ఉంటుంది, తాళం కంపెనీ దగ్గర ఉంటుంది. ఐరోపాలో 2027 ఫిబ్రవరి నుంచి మార్కెట్లోకి వచ్చే ప్రతి విద్యుత్ కారు బ్యాటరీకి డిజిటల్ పాస్‌పోర్టు, అంటే దాని వివరాలన్నీ ఉండే రికార్డు, తప్పనిసరి అని చట్టం చెబుతోంది. మిగతా దేశాలు కూడా ఆ లెక్కను అమ్మేవారూ కొనేవారూ ఖర్చు లేకుండా చూసుకునేలా నిబంధన పెట్టాలి. పాడైన సెల్‌లను బయటి మెకానిక్ మార్చితే వారంటీ రద్దు చేసే షరతునూ అదే నిబంధనలో కొట్టివేయాలి.