మా షావుకారు గారి వేలు

పర్లాకిమిడిలో మా వీధి చివరి కిరాణా కొట్టు షావుకారు గారికి ఘోరమైన అన్యాయం జరిగింది. బయటపెట్టక తప్పడం లేదు.

నేను కొట్టు మెట్లెక్కక్కర్లేదు, రోడ్డు మీంచి ఒక్క వేలెత్తితే చాలు. కిలో కందిపప్పు, అరకిలో బెల్లం ఇంటికి చేరిపోతాయి. నా పేరడగరు, ఇల్లడగరు. పద్దు రాసేసుకుంటారు, అంతే. వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ ఇదే పద్ధతి.

1999లో అమెరికాలో అమెజాన్ సరిగ్గా ఈ వేలికే పేటెంటు తెచ్చుకుంది, అంటే తన అనుమతి లేకుండా ఇంకెవరూ వాడకూడదనే హక్కు. చిరునామా, కార్డు నంబరు ముందే దాచుకుని, ఒక్క నొక్కుతో సరుకు పంపడం! ఆ ఏడాదే పోటీ పుస్తకాల కంపెనీని కోర్టుకీడ్చింది. మరుసటేడు ఆపిల్ డబ్బు కట్టి మరీ అనుమతి తీసుకుంది. 2017లో గడువు తీరేదాకా మా షావుకారు గారికి పైసా ముట్టలేదు. ఆయన పద్ధతిలో పాతబాకీ గుర్తుచేసే అదనపు సౌకర్యం కూడా ఉంది మరి.

ప్రోగ్రాములు రాసే మా మేనల్లుణ్ణి షావుకారు గారి పేర పేటెంటు దరఖాస్తు రాయమన్నాను.

"మన పేటెంటు చట్టం ఒప్పుకోదు మావయ్యా, సెక్షన్ 3(కె)" అన్నాడు. వ్యాపార పద్ధతి, అల్గారిథం (పని చేసే మెట్ల వరస), కంప్యూటర్ ప్రోగ్రాము 'పర్ సే' (అంటే అచ్చంగా ప్రోగ్రాము ఒక్కటే అయితే), ఇవేవీ ఆవిష్కరణలు కావట. 2004 డిసెంబరులో ఆర్డినెన్సుతో ఈ తలుపు కాస్త తెరిచారు, 2005లో పార్లమెంటు మూసేసింది. కానీ ఆ 'పర్ సే' ఉంది చూశారూ, అది సరిగ్గా పడని గడియ. ప్రోగ్రాముకి ఏదో యంత్రం తగిలించి, సాంకేతిక ప్రభావం ఉందని నమ్మిస్తే దారి దొరకొచ్చట. వెంటనే దరఖాస్తులో షావుకారు గారి తక్కెడ చేర్పించాను.

"నేను రాసిన కోడ్‌కి కాపీరైటు ఎలాగూ ఉంది, ఐడియాకి కూడా తాళం వేస్తే రేపు నేనేం రాయాలన్నా ముందు లాయరునడగాలి" అని సణిగాడు. ఈ కాలం కుర్రాళ్ళకి ఆశ తక్కువ.

గిడుగు రామమూర్తి గారికీ ముందుచూపు లేకపోయింది. ఈ ఊళ్ళోనే ఉండి వాడుక భాషలో రాయమని అంత పోరాడారు కదా, పేటెంటు తీసుకుని ఉంటే అప్పటి పత్రికలన్నీ ఏళ్ళ తరబడి వాక్యానికింత అని కట్టేవి.

షావుకారు గారు అంతా విన్నారు.

"అయితే మాస్టారూ, ఎదురుకొట్టు వాడూ వేలెత్తితే సరుకిస్తన్నాడు. ఆడు నాకు డబ్బు కట్టాలేటి?"

"ముక్కు పిండి వసూలు చేద్దాం."

ఆయన తక్కెడ వైపు చూస్తూ తల గోక్కున్నారు. "మా నాన్న ఇది నేర్చుకున్నది ఆ ఎదురుకొట్టోడి తాత దగ్గరే."

ఆ ముక్క దరఖాస్తులో రాయొద్దని మేనల్లుడికి ఫోన్ చేసి చెప్పాను.