ఆ మూడు గోల్స్ ఎవరూ దోచుకోలేదు

2022 నవంబర్ 22న, ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో, ఫుట్‌బాల్ ప్రపంచకప్ మ్యాచ్‌లో, 36 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని అర్జెంటీనా సౌదీ అరేబియా చేతిలో 1-2తో ఓడిపోయింది. ఆ ఓటమి గురించి అర్జెంటీనా అభిమానుల్లో ఒక మాట ఇప్పటికీ తిరుగుతూనే ఉంది: "మనం ఓడలేదు, ఓడించారు. మూడు మంచి గోల్స్‌ని మెషిన్ మింగేసింది, లేకపోతే 4-2. సౌదీకి రెండు షాట్లు గుడ్డిగా తగిలాయి. వాళ్ల మోటు ఆటని రిఫరీ చూసీచూడనట్టు వదిలేశాడు. మెస్సీకి వంక పెట్టడానికి లేదు. తర్వాత కప్పు గెలిచాం కదా, అదొక యాక్సిడెంట్." ఆ జట్టంటే ప్రాణం పెట్టేవాళ్లకి ఆ మ్యాచ్‌లో ఏం జరిగిందో సరిగ్గా తెలియాలి. అందుకే ఒక్కో ముక్కా విడిగా చూద్దాం.

"మూడు మంచి గోల్స్‌ని మెషిన్ మింగేసింది"

మూడూ మొదటి సగంలోవే. 22వ నిమిషంలో మెస్సీది, 27, 34 నిమిషాల్లో లౌతారో మార్టినెజ్‌వి. మెస్సీ గోల్‌కీ, లౌతారో రెండో గోల్‌కీ లైన్ దగ్గరున్న అసిస్టెంట్ రిఫరీయే జెండా ఎత్తాడు. రెండూ మామూలు కంటికి తెలిసిపోయే ఆఫ్‌సైడ్‌లు, అంటే పాస్ వదిలే క్షణంలో బంతి అందుకునేవాడు ఎదుటి జట్టు చివరి డిఫెండర్ కంటే గోల్‌కి దగ్గరగా ఉండటం. వీడియో చూసి వెనక్కి తీసుకున్నది 27వ నిమిషంలోది ఒక్కటే.

ఆ ఒక్కటి ఎలా తేలిందంటే, స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు ప్రతి ఆటగాడి ఒంటి మీద 29 చోట్లని సెకనుకు 50 సార్లు గుర్తిస్తుండేవి. బంతి లోపలి సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపేది. పాస్ ఇచ్చిన కాలు బంతికి సరిగ్గా ఎప్పుడు తగిలింది, ఆ క్షణంలో ఎవరి ఒళ్లు ఎక్కడుంది అన్నవే దీనితో తెలిసేది. ఆ రెండూ సరిగ్గా ఉన్నాయని వీడియో గదిలోని రిఫరీలు చూసుకున్నాకే మైదానంలోకి కబురు వెళ్లేది. "భుజం అంత మాత్రం ముందుంటే గోల్ రద్దు చేసేస్తారా" అని చాలామంది బాధపడ్డారు. ఆ బాధ అర్థమవుతుంది, లౌతారో అంత అందంగా కీపర్ మీదుగా బంతి లేపాడు మరి. కానీ నియమంలో చెయ్యి లెక్కలోకి రాదు, భుజం వస్తుంది. చంక అడుగు భాగానికి పైనున్నదంతా భుజమే. భుజంతో గోల్ కొట్టొచ్చు, కాబట్టి భుజం ముందుంటే ఆఫ్‌సైడే.

అసలు చూడాల్సిన అంకె వేరే ఉంది. ఆ మ్యాచ్‌లో అర్జెంటీనా 10 సార్లు ఆఫ్‌సైడ్‌లో దొరికింది, అందులో 7 మొదటి సగంలోనే. ఒకసారి అయితే దురదృష్టం అనుకోవచ్చు. ఏడుసార్లు అంటే ఎదుటివాడు వేసిన వలలో అడుగు పెట్టి, తీసి, మళ్లీ అక్కడే పెట్టడం.

సౌదీ కోచ్ ఎర్వే రెనార్డ్ తన నలుగురు డిఫెండర్లని మధ్య గీతకి బాగా దగ్గరగా నిలబెట్టాడు. వెనక బోలెడంత మైదానం ఖాళీ. ఆ ఖాళీ చూస్తే ఏ ఫార్వర్డ్‌కైనా నోరూరుతుంది. కానీ ఆ వరుస నిలవాలంటే పాస్ ఇచ్చేవాడికి తల ఎత్తే తీరిక దొరకకూడదు. అర్జెంటీనా మిడ్‌ఫీల్డర్లు పరేదెస్, దె పాల్‌ల మీదకి ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తూనే ఉన్నారు. దాంతో వాళ్లు ఒకసారి తాకి వదలాల్సిన బంతిని రెండుసార్లు తాకాల్సి వచ్చింది. ఆ రెండో తాకుడికి అర సెకను పోతుందనుకోండి. అప్పటికే లౌతారో సెకనుకు 7 మీటర్ల వేగం మీదున్నాడనుకుంటే అర సెకనులో మూడున్నర మీటర్లు ముందుకెళ్తాడు. అదే అర సెకనులో డిఫెండర్లు ఒక మీటరు ఎదురు జరుగుతారు. పాస్ పడేసరికి నాలుగున్నర మీటర్ల తేడా. పరుగు తప్పు కాదు, పాసూ తప్పు కాదు, రెండూ కలిసే వేళే తప్పు.

దీనికి విరుగుడు ఫుట్‌బాల్‌లో ఎప్పటినుంచో ఉంది. డిఫెండర్ల వరుస గీత మీద నిలబడ్డ ఫార్వర్డ్ నేరుగా పరుగెత్తకూడదు. గీత వెంబడే అడ్డంగా వంపు తిరిగి, పాస్ వదిలే క్షణంలోనే లోపలికి మళ్లాలి. లేదా ఒక ఫార్వర్డ్ వెనక్కొచ్చి బంతి అందుకుని ఒక్క తాకుడుతో మిడ్‌ఫీల్డర్‌కి ఇవ్వాలి. అదే క్షణంలో ఇంకో మిడ్‌ఫీల్డర్ వెనకనుంచి దూసుకెళ్లాలి. వెనకనుంచి వచ్చేవాడు పాస్ వదిలినప్పుడు డిఫెండర్ల ఇవతలే ఉంటాడు కాబట్టి ఏ కెమెరా అతన్ని పట్టుకోలేదు. ఆ రోజు మెస్సీ, దీ మరియా, లౌతారో ముగ్గురూ గీత మీదనుంచే పరుగు మొదలుపెట్టారు, వెనకనుంచి దూసుకెళ్లిన మిడ్‌ఫీల్డర్ దాదాపు కనిపించలేదు. గాయంతో టోర్నీకే దూరమైన మిడ్‌ఫీల్డర్ లో సెల్సో ఉంటే ఆ పని చేసేవాడన్న మాటలో మాత్రం నిజముంది. అయినా విరామానికి ముందే సర్దుకోవాల్సింది కోచింగ్ బెంచీ, సర్దుకోలేదు.

ఇక "లేకపోతే 4-2" అనే లెక్క. 10వ నిమిషంలో మెస్సీ పెనాల్టీతో అప్పటికే 1-0. 27వ నిమిషంలో 2-0 అయి ఉంటే తర్వాతి ఆటంతా వేరే ఆట. దాని పక్కన సౌదీ రెండు గోల్స్‌నీ అలాగే ఉంచి కూడికలు వెయ్యడం కుదరదు.

"సౌదీకి రెండు షాట్లు గుడ్డిగా తగిలాయి"

సౌదీ మొత్తం కొట్టింది మూడు షాట్లు. లక్ష్యం మీదకి వెళ్లినవి రెండు, రెండూ గోల్. ఇక్కడ అదృష్టం బొత్తిగా లేదనడం లేదు. కానీ గుడ్డిగా అన్న మాట తప్పు.

విరామంలో రెనార్డ్ తన ఆటగాళ్ల మీద కేకలేసిన వీడియోని తర్వాత సౌదీ వాళ్లే బయటపెట్టారు. మెస్సీకి బంతి అందినప్పుడు మీద పడకుండా నిలబడి చూస్తున్నారన్నది అతని కోపం. విరామం తర్వాత మూడో నిమిషంలోనే ఫలితం వచ్చింది. 48వ నిమిషంలో మధ్య గీత దగ్గర మెస్సీ నుంచి బంతి పోయింది. అర్జెంటీనా ముందుకి విచ్చుకుని ఉంది. అల్ బురైకాన్ ఒక్క పాస్‌తో సాలేహ్ అల్ షెహ్రీని ఎడమవైపు ఖాళీలోకి వదిలాడు. అర్జెంటీనా డిఫెండర్ రొమేరో పక్కనే పరుగెత్తినా అడ్డుపడలేకపోయాడు. ఎడమ కాలితో నేలబారుగా దూరపు మూలకి. అర్జెంటీనా మొదటి సగమంతా చెయ్యలేని పనిని సౌదీ రెండు తాకుళ్లలో చేసింది: వేళకి పాస్, వేళకి పరుగు.

53వ నిమిషంలో సలేమ్ అల్ దౌసరీది వ్యక్తిగత ప్రతిభ. బాక్సు (గోల్ ముందుండే పెనాల్టీ ఏరియా) ఎడమ అంచున చుట్టూ అర్జెంటీనా వాళ్లుండగా తిరిగి, లోపలికి జరిగి, కుడి కాలితో దూరపు పై మూలకి వంచాడు. గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ వేళ్లకి తగిలి కూడా లోపలికే పోయింది. అంతమంది ఉండీ ఎవరూ అతన్ని బయటికి తొయ్యలేదు, కాలి కింద బంతిని పొడవలేదు. ఆ గోల్‌లో మన వాటా అదే.

"రిఫరీ వదిలేశాడు"

వదలలేదు. సౌదీకి ఆరు పసుపు కార్డులు పడ్డాయి, ఆరూ రెండో సగంలోనే. అర్జెంటీనాకి ఒక్కటీ లేదు. 10వ నిమిషంలో అర్జెంటీనాకి దక్కిన పెనాల్టీ కూడా వీడియో చూసి ఇచ్చిందే, బాక్సులో పరేదెస్‌ని పట్టుకున్నందుకు. టెక్నాలజీ కుట్ర పన్నితే ఆ గోల్ ఎక్కడినుంచి వచ్చింది? రెండో సగం చివర అదనంగా దాదాపు 14 నిమిషాలు ఆడించారు. సమయం తినేశారన్న ఫిర్యాదుకీ చోటు లేదు.

"మెస్సీకి వంక పెట్టడానికి లేదు"

మెస్సీని ప్రేమించడం వేరు. పెనాల్టీ చల్లగా వేశాడు, నిజం. మొదటి గోల్‌కి బంతి పోయిందీ అతని దగ్గరే. వెనకబడ్డాక సౌదీ తన వరుసని బాక్సు దగ్గరకి దించేసింది, అప్పటివరకూ ఊరించిన ఖాళీ మాయమైంది. ఆ గుంపులోంచి దారి తీయడం మెస్సీ వల్ల కూడా కాలేదు. పక్కలనుంచి క్రాస్‌లు వేస్తూ పోయారు, ఆ ఎత్తు బంతులు గోల్‌కీపర్ అల్ ఒవైస్‌కి, పొడవైన డిఫెండర్లకి ఆహారం. చివర్లో ఒక బంతి కీపర్‌ని దాటింది, దాన్నీ గోల్ గీత మీదనుంచి డిఫెండర్ అల్ అమ్రీ తలతో తీసేశాడు.

"అదొక యాక్సిడెంట్"

కోచ్ స్కలోనీ అలా అనుకోలేదు. నాలుగు రోజుల తర్వాత మెక్సికో మ్యాచ్‌కి మొదటి పదకొండు మందిలో ఐదుగురిని మార్చాడు. సౌదీ మ్యాచ్‌లో 59వ నిమిషంలో వచ్చిన ఎంజో ఫెర్నాండెజ్, హూలియన్ అల్వారెజ్ పోలండ్ మ్యాచ్‌కల్లా మొదటి జట్టులోకి చేరారు, మాక్ అలిస్టర్ వాళ్ల పక్కన నిలిచాడు. పరేదెస్, పాపు గోమెజ్, లౌతారో బెంచీకి వెళ్లారు. డిసెంబర్ 18న అదే లుసైల్‌లో ఫైనల్ మొదలుపెట్టిన జట్టులో కూడా ఎంజో, మాక్ అలిస్టర్, అల్వారెజ్ ముగ్గురూ ఉన్నారు. మిడ్‌ఫీల్డ్‌నుంచి పెనాల్టీ ఏరియాలోకి దూసుకెళ్లే మనిషి నవంబర్ 22న లేడు, పోలండ్ మీద మొదటి గోల్ కొట్టింది అలా వచ్చిన మాక్ అలిస్టరే.