ఏ ఇయరు, ఎవరి ఎండు?

"ఇయర్ ఎండ్‌లోగా పంపండి" అని మెయిల్లో ఒక్క ముక్క రాసి పడేస్తారు. ఏ ఇయరు? ఎవరి ఇయరు? క్యాలెండర్ ప్రకారమైతే డిసెంబర్ 31. భారత్‌లో ఆర్థిక సంవత్సరమైతే మార్చి 31. అమెరికా ప్రభుత్వానికి సెప్టెంబర్ 30. బ్రిటన్‌లో వ్యక్తుల పన్ను సంవత్సరం ఏప్రిల్ 5నే అయిపోతుంది. తేదీ రాయడానికి ఏం కష్టం?

ఎఫ్‌వై 25 (FY25, అంటే 2025 ఆర్థిక సంవత్సరం) ఇంకో తలనొప్పి. అమెరికా ప్రభుత్వ లెక్కలో అది 2024 అక్టోబర్ 1న మొదలైంది, ముగిసే ఏడాది పేరు పెట్టారు. జపాన్‌లో మొదలయ్యే ఏడాది పేరు పెడతారు, కాబట్టి అక్కడి 2025 వెళ్లి 2026 మార్చిలో ముగుస్తుంది. షీట్‌లో కాలమ్ మీద ఆ నాలుగు గుర్తులే పెట్టి పంపితే అవతలి మనిషి ఏమని చదువుకోవాలి? క్యూ4, అంటే ఏడాదిలో నాలుగో త్రైమాసికం, కూడా అంతే. ఒకరికి అక్టోబర్ నుంచి డిసెంబర్, ఇంకొకరికి జనవరి నుంచి మార్చి.

అన్నిటికంటే ఒళ్లు మండించేది 'క్లోజింగ్'. సంవత్సరం ముగిసిన రోజూ, లెక్కల పుస్తకాలు మూసిన రోజూ ఒకటి కాదు. మార్చి 31 రాత్రికి ఏడాది అయిపోతుంది. రావలసినవి, ఇవ్వాల్సినవి, తరుగుదల (వాడకంతో ఆస్తుల విలువ తగ్గడం) అన్నీ రాసి లెక్క తేల్చేసరికి వారాలు పడుతుంది. ఆ పద్దుల మీద తేదీ మాత్రం మార్చి 31 అనే వేయాలి. ఎవరూ చెప్పక కొత్తగా చేరిన పిల్ల ఏప్రిల్ తేదీ వేస్తే చీవాట్లు ఆ పిల్లకే. అరకొరగా రాసినవాళ్లని అడిగే నాథుడు లేడు.

ఆడిట్ రిపోర్టులో "2025 మార్చి 31తో ముగిసిన సంవత్సరానికి" అని పూర్తిగా రాస్తారు కదా. మెయిల్లోనూ అలాగే రాయండి.