వార్‌బ్రింగర్ కొత్త ఆల్బం 1986కి నకలు కాదు

మెరుపు వేగపు గిటార్లు, కోపపు గొంతు కలిసిన హెవీ మెటల్ శైలి థ్రాష్‌లో కొత్త ఆల్బం ఏది వచ్చినా మన మెటల్ శ్రోతల్లో చాలామంది ఒకే తీర్పు వినిపిస్తారు: ఈ సంగీతంలో చెప్పవలసినదంతా 1986లోనే చెప్పేశారు, తరువాత వచ్చినవన్నీ దాని నీడలే. మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’, స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’, మెగాడెత్ ‘పీస్ సెల్స్’, జర్మనీ నుంచి క్రియేటర్ ‘ప్లెజర్ టు కిల్’, ఇవన్నీ ఆ ఒక్క సంవత్సరంలోనే వచ్చాయి కనుక ఆ అభిమానాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ కాలిఫోర్నియాలోని వెంచురాకు చెందిన వార్‌బ్రింగర్ బ్యాండ్ 2025 మార్చిలో విడుదల చేసిన ‘రాత్ అండ్ రూయిన్’ను కూడా అదే మాటతో పక్కన పెట్టేయడం అన్యాయమని గట్టిగా చెప్పదలచుకున్నాను.

ఈ బ్యాండ్ తొలినాళ్లలో పాతవారి అడుగుజాడల్లోనే నడిచింది, అందులో దాచవలసినదేమీ లేదు. 2008లో వచ్చిన మొదటి ఆల్బంకు ఒకప్పుడు స్లేయర్‌తో పనిచేసిన బిల్ మెటోయర్, మరుసటి ఏడాది వచ్చిన రెండవ ఆల్బంకు పాతతరం థ్రాష్ బ్యాండ్ ఎక్సోడస్ గిటారిస్టు గ్యారీ హోల్ట్ నిర్మాతలుగా వ్యవహరించారు. ఆ రెండింటిలో ఉత్సాహం పుష్కలంగా ఉంది కానీ సొంత గొంతు ఇంకా స్థిరపడలేదు. నా దృష్టిలో ఆ గొంతు 2017 నాటి ‘వో టు ది వాంక్విష్డ్’లో, ముఖ్యంగా మొదటి ప్రపంచ యుద్ధం గురించి పదకొండు నిమిషాలపాటు సాగే చివరి పాటలో దొరికింది. ఆ పాట వింటే, గాయకుడు జాన్ కెవిల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుకున్నాడంటే ఎవరికీ ఆశ్చర్యం కలగదు.

కొత్త ఆల్బంలోని ఎనిమిది పాటల్లో అదే చరిత్ర దృష్టి ఇంకా పదునెక్కింది. మొదటి పాట ‘ది స్వోర్డ్ అండ్ ది క్రాస్’ మధ్యయుగపు ఐరోపాలో కత్తి పట్టిన ప్రభువు, శిలువ పట్టిన మతాధికారి కలిసి రైతు కష్టాన్ని ఎలా పంచుకు తిన్నారో చెబుతుంది. వెట్టిచాకిరి గురించి ఇంట్లో పెద్దల నోట విన్న తెలంగాణవారికి ఈ పాటను విడమరచి చెప్పనక్కరలేదు. పాట మొదలు కావడమే బరువుగా, తొందరపడకుండా మొదలవుతుంది. ఆ బరువంతా చెవిలో నిలిచాకే గిటార్లు పరుగందుకుంటాయి. అందువల్ల ఆ పరుగు నైపుణ్య ప్రదర్శనలా కాక, ఎంతోకాలం అణిచిపెట్టుకున్న కోపం కట్ట తెంచుకున్నట్టు వినిపిస్తుంది. చాలా కొత్త బ్యాండ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తున్నాయి: మొదటి క్షణం నుంచి చివరి క్షణం వరకు ఒకే వేగంతో వాయించి, మూడవ పాట వచ్చేసరికి వినేవారికి ఆ వేగమే పట్టనట్టు చేసేస్తున్నాయి.

ఎనభైలలోని థ్రాష్‌ను వెంటాడిన భయాల్లో అణుయుద్ధం ఒకటి. వార్‌బ్రింగర్ ఈ ఆల్బంలో తన కాలపు భయాన్ని పట్టుకుంది: సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడుతుంటే, యంత్రాలు వారి కాపలాదారులుగా మారుతుంటే సామాన్యుడికి మిగిలేది ఏమిటి? ‘ది జాక్‌హామర్’ మనిషిని రోజూ కొంచెం కొంచెంగా నలిపే చాకిరీ గురించిన పాట. అందులో రిఫ్, అంటే గిటార్‌పై మళ్లీ మళ్లీ వాయించే చిన్న స్వరవరుస, ఆ యంత్రపు దెబ్బలాగే ఆగకుండా పడుతూ ఉంటుంది. మాటకూ వాద్యానికీ ఇంత దగ్గరి పొత్తు కుదిరినప్పుడు, ఈ రిఫ్ నలభై ఏళ్ల క్రితం ఎవరో వాయించారు కదా అనే ప్రశ్నకు నా దగ్గర విలువ లేదు.

కెవిల్ గొంతు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అతడు గర్జిస్తాడు, కానీ పదాలను మింగేయడు; సాహిత్యం ముందు పెట్టుకోకుండానే సగానికి పైగా అర్థమవుతుంది. చెప్పవలసిన విషయం ఉన్న గాయకుడికి ఇది అవసరమైన గుణం. ఆడమ్ క్యారల్, చేజ్ బెకర్ గిటార్లు వాయించే తీరులో అక్కడక్కడా మెటల్‌లోని ఇతర శైలులైన బ్లాక్ మెటల్ చీకటి, డెత్ మెటల్ మొరటుదనం కలుస్తాయి. కార్లోస్ క్రూజ్ డ్రమ్స్ అద్భుతంగా వాయించాడు, అయితే మిక్సింగ్‌లో వాటికి ఇచ్చిన పెద్దరికం వల్ల కొన్నిచోట్ల బేస్ గిటార్ నలిగిపోయిందని నా ఫిర్యాదు.

‘త్రూ ఎ గ్లాస్, డార్క్‌లీ’, ‘కేజ్ ఆఫ్ ఎయిర్’ వంటి నిడివిగల పాటలను దాటవేసి వేగంగా ఉన్నవాటినే ఏరుకొని వినేవారితో నాకు ఇంకా పెద్ద పేచీ ఉంది. ఈ ఆల్బంలోని విషాదమంతా ఆ పాటల్లోనే ఉంది. ఆ విషాదం తెలియకుండా మిగతా పాటల కోపం ఎందుకో అర్థం కాదు. పాటల వరుస మార్చకుండా, నలభై నిమిషాలు కేటాయించి, చివరన వచ్చే ‘ది లాస్ట్ ఆఫ్ మై కైండ్’ వరకు ఒక్కసారి కూర్చుని వినండి. ఆ తరువాత కూడా ఇది 1986కి నకలే అనిపిస్తే ఏ పాటలో, ఏ చోట అనిపించిందో చెప్పండి, నేను మళ్లీ విని సమాధానం ఇస్తాను.