మెర్సర్ పేరు వెనుక మనిషి

న్యూజెర్సీలోని వెస్ట్ విండ్సర్, ప్రిన్స్‌టన్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మెర్సర్ కౌంటీ అంటే రోజూ కనిపించే పేరే. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో బ్రిటిష్ సైన్యంతో ప్రిన్స్‌టన్ యుద్ధం జరిగి 2027 జనవరి 3కి 250 ఏళ్లు నిండుతాయి. ఆ యుద్ధంలో గాయపడి చనిపోయిన, కౌంటీకి పేరైన మనిషి గురించి స్మారక ఫలకాలు ఏం చెప్పాలన్నది ఇప్పుడే ఆలోచించాలి.

హ్యూ మెర్సర్ డాక్టర్. పుట్టింది స్కాట్లండ్‌లో. 1746లో అక్కడి కల్లోడెన్ యుద్ధంలో బ్రిటిష్ రాజుపై తిరగబడి ఓడిపోయిన పక్షాన క్షతగాత్రులకు వైద్యం చేశాడు. ఆ ఓటమి తర్వాత ప్రాణాలు దక్కించుకుని సముద్రం దాటాడు. వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో మందుల దుకాణం పెట్టుకుని బతుకు నిలబెట్టుకున్నాడు. అలాంటి మనిషి యాభై ఏళ్ల వయసులో జార్జ్ వాషింగ్టన్ నడిపిన అమెరికన్ సైన్యంలో బ్రిగేడియర్ జనరల్‌గా మళ్లీ అదే బ్రిటిష్ రాజ్యానికి ఎదురు నిలిచాడు.

1777 జనవరి 3 ఉదయం ఒక పండ్లతోట దగ్గర ఆయన దళం బ్రిటిష్ సైనికులకు ఎదురుపడింది. గుర్రం కూలింది. చుట్టుముట్టినా లొంగకుండా కత్తి దూశాడు. బయొనెట్ పోట్లతో పడిపోయిన ఆయన్ను పక్కనే ఉన్న థామస్ క్లార్క్ ఇంటికి చేర్చారు. క్లార్క్‌లు క్వేకర్లు, యుద్ధమే వద్దనే మతం వారిది. అయినా ఆ ఇల్లే ఆసుపత్రి అయింది. అక్కడే జనవరి 12న మెర్సర్ కన్నుమూశాడు. కౌంటీకి ఆయన పేరు వచ్చింది 1838లో.

గాయపడ్డాక ఆయన ఓ ఓక్ చెట్టుకు ఆనుకున్నాడని జనం చెప్పుకుంటారు. ఆ చెట్టు 2000లో కూలిపోయింది. ఈ కథను ఫలకం మీద రాయొచ్చు, కానీ జనశ్రుతి అనే రాయాలి. రుజువైన సంగతులే ఇన్ని ఉండగా కథను చరిత్రగా చెప్పాల్సిన పని లేదు.

హోదా, తేదీలు చెక్కి ఊరుకుంటే సరిపోదని మేము గట్టిగా నమ్ముతున్నాం. ఆయన వైద్యుడన్న మాట, ప్రాణభయంతో వలస వచ్చాడన్న మాట మొదటి రెండు వాక్యాల్లోనే ఉండాలి. వలస వచ్చినవారి పిల్లలు ఎక్కువగా చదివే బడులున్న కౌంటీ ఇది. ఆ రెండు సంగతులూ వాళ్లకు తెలియాలి.

మరొకటి కూడా అడుగుతున్నాం. ప్రిన్స్‌టన్ యుద్ధం జరిగిన చోట ఇప్పుడున్న పార్కులో 21 మంది బ్రిటిష్, 15 మంది అమెరికన్ సైనికులను ఒకేచోట పూడ్చిపెట్టారు. వాళ్ల పేరు మీద ఏ కౌంటీ లేదు. జనరల్ గురించి రాసే ఫలకంలో వారికీ ఒక వాక్యం కేటాయించాలి, ఆ సమాధి వైపు దారి చూపే గుర్తు కూడా పెట్టాలి.