ప్రొబేషనర్‌లో దాగి ఉన్న టాలెంట్

మార్చి మూడో వారం రాగానే మన ప్రభుత్వ ఆఫీసులకు విపరీతమైన జ్ఞానదాహం పుడుతుంది. ఏప్రిల్‌లో పుట్టదు, ఆగస్టులో పుట్టదు. నెలాఖరులోగా ఖర్చు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయన్న సంగతికీ ఈ దాహానికీ ముడిపెట్టే చెడ్డ మనుషులు కొందరుంటారు. మీరు వాళ్ల మాటలు పట్టించుకోకండి.

అలాంటి ఒక మార్చిలో, ఒకానొక జిల్లా కేంద్రంలో, ఏసీ ఫంక్షన్ హాల్లో ప్రొబేషన్ అధికారులకు ఒక రోజు శిక్షణ జరిగింది. 29 ఏళ్లు ఆ ఉద్యోగం చేసి రిటైరైన పాపానికి నన్నూ పిలిచారు. ఫ్లెక్సీ మీద నా పేరు పక్కన 'రిసోర్స్ పర్సన్' అని వేశారు. నా వంతు 20 నిమిషాలు, మధ్యాహ్నం బిర్యానీ అయ్యాక. బిర్యానీకి ముందున్న మూడు గంటలూ హైదరాబాద్ నుంచి కారులో వచ్చిన ఒక మోటివేషనల్ స్పీకర్‌వి. ఇందులో నాకు అసూయేమీ లేదు. ఉంటే ఈ వ్యాసం ఇంకా పెద్దదయ్యేది.

ఈ శాఖ సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఉరిశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే, మనిషిని జైలుకు పంపకుండా బాండు రాయించుకుని, మూడేళ్లకు మించకుండా కోర్టు ఎంత కాలం చెబితే అంత కాలం బుద్ధిగా ఉండమని బయటే వదిలే వీలు 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టంలో ఉంది. అలా బయట ఉన్నవాడు ప్రొబేషనర్. వాణ్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ప్రొబేషన్ అధికారి. ఈ తేడా కాస్త గుర్తుంచుకోండి. స్పీకర్‌గారికి ఎవరూ చెప్పలేదు.

ముందు జ్యోతి ప్రజ్వలన. ఏసీ గాలికి వత్తి అంటుకోక 11 నిమిషాలు పట్టింది. తర్వాత శాలువాలు. ఆ తర్వాత స్పీకర్‌గారు చెవికి మైకు తగిలించుకుని స్టేజీ ఎక్కి, మూడుసార్లు గుడ్ మార్నింగ్ చెప్పించుకున్నారు. మొదటి రెండుసార్లూ మాలో ఎనర్జీ లేదట. మనిషికొక బుడగ పంచారు. ఊది, మీ టెన్షన్ ఏమిటో దాని మీద స్కెచ్ పెన్నుతో రాసి, ఒక్క దెబ్బకి పగలగొట్టండి, టెన్షన్ పోతుంది అన్నారు. నా పక్కనున్నాయన రెండు జిల్లాలకు ఇన్‌చార్జి, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు, షుగర్ ఉంది. ఊది ఊది ఆయాసపడి, బుడగ మీద 'టీఏ బిల్లు' అని రాశాడు. పగిలింది. బిల్లు మాత్రం రాలేదు.

నేను బుడగలకు వ్యతిరేకిని కాను. చట్టం ఒప్పుకోని పని కూడా కాదది. సెక్షన్ 14లో ప్రొబేషన్ అధికారి విధులు ఐదు అంశాలుగా రాశారు. కోర్టు కోసం ఇంటి పరిస్థితులు విచారించడం, పర్యవేక్షించడం, అవసరమైతే పని వెతికిపెట్టే ప్రయత్నం చేయడం వగైరాలు మొదటి నాలుగింటిలో ఉన్నాయి. ఐదోది 'నిర్దేశించిన ఇతర విధులు'. 1958లో పార్లమెంటు సభ్యులు ఎంత ముందుచూపుతో ఆ ఐదో అంశం పెట్టారో ఆ రోజు నాకు అర్థమైంది.

అసలు కథ ఆ తర్వాత. స్పీకర్‌గారు తెర మీద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం వేశారు: 'ప్రతి ప్రొబేషనర్‌లో ఒక టాలెంట్ దాగి ఉంది. దాన్ని బయటకు తీయడమే మీ బాధ్యత.'

హాలు నిశ్శబ్దమైపోయింది. వెనక వరసలోంచి ఎవరో మెల్లగా అన్నారు: "మావాడి టాలెంట్ తాళాలు తీయడం సార్."

అప్పుడు తట్టింది మాకు. ఆయన దృష్టిలో ప్రొబేషనర్ అంటే కొత్తగా ఉద్యోగంలో చేరి, ఇంకా పర్మనెంట్ కాని కుర్రాడు! తప్పు ఆయనది కాదు. మన దేశంలో ప్రొబేషన్ అన్నమాట వినగానే ఎవరికైనా సర్వీసు రిజిస్టరే గుర్తొస్తుంది. సమన్వయకర్తగారైనా సరిదిద్దొచ్చు. కానీ ఆయన నెల క్రితమే ఇంకో శాఖ నుంచి బదిలీ మీద వచ్చి, స్పీకర్‌గారి మాటలు శ్రద్ధగా నోట్ చేసుకుంటున్నారు. ఇక మా వాళ్లు 40 మంది. పెద్దమనిషిని నలుగురిలో తప్పు పట్టడం మర్యాద కాదు కదా. అందరూ కర్చీఫులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తర్వాతి రెండు గంటలు నా ఉద్యోగ జీవితంలో మరిచిపోలేనివి, ఉద్యోగం అయిపోయాక వచ్చినా సరే. ప్రొబేషనర్‌కు మొదటి రోజే బాధ్యత అప్పగించాలన్నారు. బాగా పనిచేసే ప్రొబేషనర్ ఫోటోను ప్రతి నెలా ఆఫీసు గోడ మీద పెట్టాలన్నారు. పుట్టినరోజుకు కేక్ కట్ చేయించాలన్నారు. టార్గెట్ ఇవ్వాలి, టార్గెట్ దాటితే చప్పట్లు కొట్టాలి అన్నారు. దొంగతనం కేసులో ఉన్న మా ప్రొబేషనర్ టార్గెట్ దాటితే చప్పట్లు కొట్టడానికి మేముండం, పోలీసులుంటారు. ఇంతలో తెర మీదికి 'మన డీలర్లే మన బలం' అని ఒక స్లయిడ్ వచ్చి టక్కున వెళ్లిపోయింది. ముందు రోజు ఆయన ఎరువుల కంపెనీ వాళ్లకు చెప్పివచ్చారట. చివరికి అసలైన ప్రశ్న వేశారు: "మీ ప్రొబేషనర్లు మిమ్మల్ని వదిలి వెళ్లకుండా, ఎక్కువ కాలం మీ దగ్గరే ఉండిపోవాలంటే ఏం చేయాలి?"

షుగర్ ఆయన లేచి నిలబడ్డాడు. "రెండోసారి కేసు పెట్టించాలి సార్" అన్నాడు.

స్పీకర్‌గారికి అర్థం కాలేదు. అయినా శిక్షణ శాస్త్రంలో అర్థంకాని మాటకు ఒక ఏర్పాటుంది. గోడకు తెల్లచార్టు అంటించి పైన 'పార్కింగ్ లాట్' అని రాస్తారు. జవాబు తెలియని ప్రశ్న ఏదొచ్చినా "చాలా మంచి పాయింట్, పార్కింగ్‌లో పెడదాం" అంటారు. అక్కడ పెట్టిన బండిని తీసుకోవడానికి ఎవరూ రారు. 'రెండో కేసు' అక్కడికే చేరింది.

ఈ వృత్తి ఎలా మొదలైందో కూడా చెప్పాలి. 1841లో బోస్టన్‌లో జాన్ ఆగస్టస్ అని బూట్లు కుట్టే ఆయన కోర్టుకు వెళ్లి, తాగుబోతు కేసులో దొరికిన ఒక మనిషికి తాను పూచీ ఉంటానన్నాడు. మూడు వారాల తర్వాత మళ్లీ తీసుకొస్తే, ఆ మనిషిలో మార్పు చూసి జడ్జి ఒక్క సెంటు జరిమానాతో వదిలేశాడు. ఆగస్టస్ 1859లో పోయేదాకా ఇదే పని చేశాడు, దాదాపు 2 వేల మందికి. ఆయన ఫోల్డర్ తీసుకోలేదు, గ్రూప్ ఫోటో దిగలేదు. బోస్టన్‌లో నిజమైన మంచుగడ్డలే బోలెడుంటాయి కాబట్టి, మొహమాటం పోగొట్టే 'ఐస్ బ్రేకింగ్' ఆటలు కూడా అక్కర్లేకపోయాయి.

పద్ధతిగా నేర్పే చోట్లు మనకు లేవని అనను. వెల్లూరులో దక్షిణాది రాష్ట్రాలు కలిసి 1979లో పెట్టుకున్న జైళ్లు, దిద్దుబాటు పరిపాలన అకాడమీ ఉంది. నా ఏడుపు ఈ మార్చి నెల ఫంక్షన్ హాళ్ల గురించి.

బిర్యానీ అయింది. నా 20 నిమిషాల్లో గ్రూప్ ఫోటోకు 11 పోయాయి. మిగిలిన తొమ్మిదింటిలో ఇంటి విచారణ ఎలా చేయాలో చెబుదామనుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకిది ఏ హాల్లోనూ ఎవరూ చెప్పలేదు. ఒక సీనియర్, మేమంతా పెద్దాయన అనేవాళ్లం, నన్ను వెంట తిప్పుకుని నేర్పాడు. జీపులో వెళ్లకు, బస్సులో వెళ్లు, రెండు వీధుల అవతలే దిగు అనేవాడు. పక్కింటివాళ్లను "ఫలానా వాడి మీద కేసుంది, మనిషెలాంటివాడు?" అని అడిగితే ఆ మాటతోనే వాడికి శిక్ష పడిపోయినట్టు. నీ నివేదికను గోప్యంగా ఉంచాలని చట్టం చెబుతుంటే, నువ్వే వీధంతా టముకు వేస్తావా? ఇల్లు అద్దెకు కావాలన్నట్టు అడుగు. ఇంట్లో ఒకటే కుర్చీ ఉంటే కూర్చోకు. మంచినీళ్లిస్తే తాగు. తల్లితో విడిగా మాట్లాడు, అదీ వంట చేసుకుంటున్నప్పుడు మాట్లాడు, చేతులు పనిలో ఉంటే మనిషి నిజం చెబుతుంది. మూలనున్న కిరాణా కొట్టులో ఆ ఇంటి అప్పు ఎంతుందో కనుక్కో. పిల్లవాడు రాత్రి ఎన్నింటికి ఇంటికొస్తాడో టీ కొట్టువాడికి తెలుస్తుంది. సొమ్ము పోగొట్టుకున్నవాడి దగ్గరికి కూడా వెళ్లు, వాడి గోడు వినకుండా రాసేది సగం నివేదికే.

పెద్దాయన రెండేళ్లు నా నివేదికలు దిద్దాడు. 'ప్రవర్తన సంతృప్తికరం' అని రాస్తే కాగితం చించేసేవాడు. సంతృప్తి ఎవరికయ్యా అనేవాడు.

ఇక్కడ నాకు నవ్వు రాదు. నేను చూసిన ఒక నివేదిక చెబుతాను. 19 ఏళ్ల కుర్రాడు. 21 ఏళ్లలోపు వాణ్ని యావజ్జీవం పడని నేరానికి జైలుకు పంపే ముందు ప్రొబేషన్ అధికారి నివేదిక చూడమని సెక్షన్ 6 కోర్టుకే చెబుతోంది. అంటే ఆ రెండు పేజీలే ఆ కుర్రాడి బతుకు. ఆ రెండు పేజీల్లో ఏముంది? 'తండ్రి వ్యవసాయం చేయుచున్నాడు. ఇతడు తండ్రి మాట వినడు.' ఆ పిల్లవాడి తండ్రి వాడి ఆరో ఏటే చచ్చిపోయాడు! నాయనమ్మ దగ్గర పెరిగాడు. చచ్చిపోయిన తండ్రి మాట ఎలా వింటాడయ్యా? నివేదిక రాసిన అధికారి అంతకుముందు కేసు ఫైలు తెరిచి, పేరు మార్చి, ప్రింటు తీశాడు. ఆ ఇంటి గడప తొక్కలేదు. కుర్రాడికి శిక్ష పడింది. సాటి ముద్దాయిలతో కలిసి లోపలికి పోయాడు. రాసినవాడి గదికి వెళ్తే గోడ మీద 11 శిక్షణ సర్టిఫికెట్లు లామినేషన్ చేసి వరసగా వేలాడుతున్నాయి. అందులో ఒకటి 'కమ్యూనికేషన్ స్కిల్స్'. ఒక్కటి, ఒక్కటైనా, 'ఆ ఇంటికి వెళ్లి రా' అని నేర్పిందా? వాడికి బుడగ ఊదడం నేర్పినవాళ్లందరూ ఆ సంతకంలో వాటాదారులే.

ఇవన్నీ తొమ్మిది నిమిషాల్లో చెప్పలేకపోయాను. కిరాణా కొట్టు దాకా వచ్చేసరికి, చేరి రెండేళ్లయిన ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చాక సమాజ సేవ కూడా శిక్షే కదా?"

అవునమ్మా అన్నాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నేరాలకు. తాగి బహిరంగంగా రచ్చ చేయడం వాటిలో ఒకటి, 5 వేల రూపాయలలోపు మొదటి దొంగతనం, సొమ్ము తిరిగిచ్చేస్తే, ఇంకొకటి. జీతం లేకుండా సమాజానికి పనికొచ్చే పని చేయించాలని నిర్వచనం, అది దాని జంట చట్టం నాగరిక్ సురక్షా సంహితలో ఉంది. ఎన్ని గంటలు, ఏ పని, పక్కన ఎవరు నిలబడి చూడాలి, ఆ చట్టంలో చెప్పలేదు. జైలు బయట శిక్ష అంటే జనానికి ఇప్పటికీ గుర్తొచ్చేది 2024 మేలో పుణె కారు ప్రమాదం తర్వాత మైనర్ కుర్రాడికి బెయిలిస్తూ రాయమన్న 300 పదాల వ్యాసమే.

"అయితే సార్, ఒకతను ప్రభుత్వాసుపత్రిలో ఊడుస్తున్నాడనుకోండి. వాడి ఊరివాళ్లు వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టారు. వాడు మర్నాడు పనికి రాలేదు. వాడికి చెల్లెలి పెళ్లి కుదిరి ఉంది. కోర్టుకు నేనేం రాయాలి? రాలేదనా, ఎందుకు రాలేదనా?"

నా 29 ఏళ్లలో ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. కుర్చీ ముందుకు లాక్కున్నాను. సమన్వయకర్తగారు వాచీ చూసుకుని లేచారు. "సమయం లేదు, వాలిడిక్టరీ, అదే ముగింపు సభ ఉంది. మేడమ్‌గారి ప్రశ్న పార్కింగ్‌లో పెడదాం" అన్నారు. ఆ అమ్మాయే వెళ్లి రాసుకుంది, గుండ్రటి అక్షరాలతో, 'రెండో కేసు' కింద.

తర్వాత ఫీడ్‌బ్యాక్ ఫారాలు. అవి ఇస్తేనే సర్టిఫికెట్ ఇస్తారు కాబట్టి 40కి 40 'అద్భుతం'. స్పీకర్‌గారు వెళ్తూ మాకందరికీ త్వరలో ప్రొబేషన్ పూర్తయి పర్మనెంట్ కావాలని ఆశీర్వదించారు. షుగర్ ఆయన అయితే స్పీకర్‌గారి కాళ్లకు దండం పెట్టినంత పని చేశాడు.

నాలుగున్నరకి మిర్చి బజ్జీలు. ప్లేట్లు అయిపోయాయి. అటెండర్ అటూ ఇటూ చూసి, గోడ మీది చార్టు ఊడదీసి, చక్కగా నాలుగు ముక్కలు చేశాడు. నాకిచ్చిన ముక్కలో రెండు బజ్జీలున్నాయి. నూనె దిగిన చోట అక్షరాలు ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి: '…రాలేదనా, ఎందుకు రాలేదనా?'

"చట్నీ వెయ్యమంటారా సార్?" అన్నాడు అటెండర్.